తాత బ్యాటరీకి కొత్త బల్బు

బాగేపల్లి నుంచి చింతామణికి పోయే దారిలో, చేలూరు దాటినాక వచ్చే పల్లె మాది. మా ఊళ్ళో టార్చిని ఎవరూ టార్చి అనరు. చేతిలో పట్టుకునేది 'బ్యాటరీ', దాని లోపల వేసేవి 'సెల్లులు'. బడిలో నేను చదివింది కన్నడంలోనే అయినా, ఈ మాటలు ఇంట్లో తెలుగు మాటలుగానే వచ్చినాయి.

పోయిన సంక్రాంతికి ఊరికి పోతే, అటక మీద నుంచి మా తాత బ్యాటరీ దిగింది. రెండు సెల్లులది, ఎవరెడీ. పూత అక్కడక్కడ లేచిపోయింది గానీ స్విచ్చి ఇంకా గట్టిగానే ఉంది. దానికి ఎల్ఈడీ బల్బు వేసి నాయన చేతికి ఇచ్చినాను. అరగంట పని. అయితే ఆ పని చేస్తా ఉంటే, ఈ వస్తువు మన పల్లెలకు ఎట్ల వచ్చింది, మనవాళ్ళు దాన్ని ఎందుకంత జాగ్రత్తగా చూసుకున్నారు అనేది పిల్లల కోసం రాసి పెట్టాలనిపించింది.

గొట్టంలో సెల్లులు వరసగా పేర్చి ముందర బల్బు పెట్టే ఈ ఆకారానికి 1899లో అమెరికాలో డేవిడ్ మిసెల్ అనే ఆయన పేరు మీద పేటెంటు వచ్చింది. అప్పటి సెల్లులకు సత్తువ తక్కువ. బల్బు కొంచెంసేపు వెలిగి ఆరిపోయేది. అందుకే అమెరికావాళ్ళు దాన్ని ఫ్లాష్‌లైట్ అన్నారు. ఆ పేటెంటు చేతికొచ్చిన కంపెనీ సరుకే ఎవరెడీ అయింది. మన దేశంలో ఎవరెడీ కంపెనీ 1934లో ఏర్పడింది, తర్వాత యూనియన్ కార్బైడ్ ఇండియా అని పేరు మారింది. 1958లో లక్నోలో టార్చీల ఫ్యాక్టరీ పెట్టినారు. 1984 డిసెంబరులో భోపాల్‌లో విషవాయువు వెలువడింది కూడా ఈ కంపెనీ ఫ్యాక్టరీ నుంచే. ఇంటింటా ఉన్న సెల్లు, ఆ రాత్రి, రెండూ ఒకే కంపెనీవి అని నాకు ఉద్యోగంలో చేరినాక గానీ తెలియలేదు. 1994లో ఆ కంపెనీ చేతులు మారింది. ఇటు తెలుగు నేల మీద, 1972లో మొదలైన ఇండో నేషనల్ సంస్థ నెల్లూరులో నిప్పో సెల్లులు తయారు చేసింది. మా ఊరి అంగట్లో రెండు రకాలూ ఉండేవి.

ఇక మన సీమ సంగతి. చిక్కబళ్ళాపురం 2007లో వేరే జిల్లా అయింది. అంతకు ముందు మనమంతా కోలారు జిల్లావాళ్ళమే. ఆ కోలారు బంగారు గనులకు 1902లోనే శివనసముద్రం నుంచి సుమారు 147 కిలోమీటర్ల తీగల మీద కరెంటు వచ్చింది. 1905లో బెంగళూరు వీధుల్లో కరెంటు దీపాలు వెలిగినాయి. అదే జిల్లాలో ఉత్తరపు కొసన ఉన్న మా పల్లెకు మాత్రం లాంతర్లే గతి. మా ఇంట్లో కరెంటు బల్బు కంటే ముందు బ్యాటరీ వచ్చిందని అవ్వ చెప్తా ఉండేది.

తాతకు ఆ బ్యాటరీ చేతి కర్రతో సమానం. రాత్రి పూట పట్టుపురుగులకు ఆకు వేయాలన్నా, కల్లంలో రాగి కుప్పకు కాపలా పడుకోవాలన్నా, గురుపౌర్ణమికి కైవారం పోవాలన్నా అదే. మేం పిల్లలం దాన్ని ఆకాశానికి కొట్టి నక్షత్రం దాకా పోయిందా అని చూసేవాళ్ళం. "ఊరికే వేయొద్దురా, సెల్లు అయిపోతుంది" అని అవ్వ అరిచేది. సెల్లు నీరసపడితే మిద్దె మీద ఎండకు పెట్టేవాళ్ళు. సెల్లులో మిగిలిన మందు వేడికి కొంచెం చురుగ్గా పనిచేసి, ఇంకో రెండు మూడు రాత్రులకు సరిపోయేది. మీ ఇళ్ళల్లో కూడా చేసే ఉంటారు.

అంత పొదుపు ఎందుకంటే, తప్పు సెల్లుది కాదు, బల్బుది. తాత బ్యాటరీలోని పాత బల్బు మీద 2.5 వోల్టులు, 0.3 ఆంపియర్లు అని ఉంది. రెంటినీ హెచ్చిస్తే ముక్కాలు వాట్టు. అందులో ఎక్కువ భాగం వేడిగానే పోతుంది. ఇలాంటి చిన్న తీగ బల్బు వాట్టుకు 10 ల్యూమెన్ల వెలుతురు కూడా ఇవ్వడం కష్టం. మామూలు తెల్ల ఎల్ఈడీ 80 దాకా ఇస్తుంది. అంటే మనవాళ్ళు దుడ్డు పెట్టి కొన్న సెల్లుల్లో ఎక్కువ వంతు గాజు బుడ్డిని కాచడానికే ఖర్చయింది.

ఇప్పుడు అసలు సంగతి. మన జిల్లాలో ఏడాదంతా పారే ఏరు లేదు. వెయ్యి అడుగులు దాటిన బోర్లే దిక్కు. మోటారుకు త్రీ ఫేజు కరెంటు మా పక్క చాలాసార్లు రాత్రి పూటే వస్తుంది. ఒంటి గంటకు వస్తే ఒంటి గంటకు లేచి పోవాల్సిందే. నాలుగేళ్ళ కిందట వానకాలంలో నాయన అట్ల పోయినాడు. సెల్లులు నీరసంగా ఉన్నాయి, వెలుతురు పండిన నిమ్మకాయ రంగులో ఉంది. మల్బరీ తోట గట్టు మీద ఎండుటాకులు అనుకుని కాలు వేయబోతే బుస వినపడింది. రక్తపింజర. మా పక్క కన్నడంలో కొళకు మండల అంటారు. కాలు వెనక్కి తీసుకున్నాడు కాబట్టి ఈ రోజు ఇది రాస్తున్నాను. ఆ మాట నాయన మాకు చెప్పింది ఆరు నెలల తర్వాత, అదీ నవ్వుతా.

2020లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది పోయినారు, ఏడాదికి సగటున 58,000 మంది. ఎక్కువగా పల్లెల్లో, ఎక్కువగా వానకాలంలో. 2024లో కర్ణాటక ప్రభుత్వం పాముకాటు కేసుల్ని ఆస్పత్రులు తప్పనిసరిగా తెలియజేయాలని చెప్పింది. కాబట్టి బల్బు మార్చడం నాకు పాత వస్తువు మీద ముచ్చట కాదు.

నాయనకు కొత్త టార్చీ కొనిచ్చినాను. వాడలేదు. ఛార్జింగు పెట్టడం మరిచిపోతాడు, చేతికి తాత బ్యాటరీ బరువే అలవాటు. అందుకే గొట్టం అదే ఉంచి బల్బు మార్చాలనుకున్నాను. బెంగళూరు ఎస్.పీ. రోడ్డులో పాత బల్బు చూపించి, అదే కొలత కాలరు ఉన్న ఎల్ఈడీ బల్బు తెచ్చినాను.

ఎల్ఈడీ 1962 నుంచే ఉంది. అమెరికాలో నిక్ హోలోన్యాక్ కళ్ళకు కనిపించే ఎర్ర ఎల్ఈడీ చేసినాడు. తెల్ల వెలుతురు కావాలంటే ముందు నీలం కావాలి. ప్రకాశవంతమైన నీలం ఎల్ఈడీ 1993లో జపాన్‌లో షుజీ నకమురా చేతుల మీదుగా బయటికొచ్చింది. ఈ నీలం ఎల్ఈడీకి అకసాకి, అమానోలతో కలిపి ఆయనకు 2014లో నోబెల్ బహుమతి వచ్చింది.

మీరు మార్చాలనుకుంటే మూడు విషయాలు చూసుకోండి. ఒకటి, వోల్టేజి. తెల్ల ఎల్ఈడీకి దాదాపు 3 వోల్టులు కావాలి. రెండు కొత్త సెల్లులు 3 వోల్టులే ఇస్తాయి, వాడేకొద్దీ తగ్గుతాయి. కాబట్టి లోపల వోల్టేజి పెంచే చిన్న సర్క్యూటు ఉన్న బల్బే తీసుకోవాలి. ఎన్ని సెల్లులకు పనికొస్తుందో దాని మీద చూసి కొనండి. రెండు, సెల్లుల దిక్కు. పాత బల్బుకు ఎటు వేసినా ఒకటే, ఎల్ఈడీకి కాదు. మూడు, వెలుతురు పడే తీరు. ఎల్ఈడీ వెలుతురు ముందుకే పోతుంది. ముందరి మూత తిప్పి సరిచేసుకోకపోతే మధ్యలో మచ్చ పడుతుంది. సెల్లులు కారి స్ప్రింగు మీద తెల్లగా పేరుకుని ఉంటే సాండ్ పేపరుతో గీకండి.

నేను సాఫ్ట్‌వేర్ టెస్టరును. అన్నీ పరీక్షించే ఇచ్చినాననుకున్నాను. మర్నాడే ఫోను వచ్చింది. "ఏం బల్బురా ఇది, ఒక్క రాత్రికే పోయింది." సెల్లులు తీసి తుడిచి తిరగేసి వేసినాడు. తాత కాలం నుంచి ఎటు వేసినా వెలిగిన బ్యాటరీ అది! ఇప్పుడు గొట్టం మీద ఎర్ర రంగుతో బాణం గుర్తు వేసినాను.

వెలుతురు బాగుంది కదా అని ధీమా వద్దు. గట్టి చెప్పులు వేసుకోవాలి, కర్రతో తడుతూ నడవాలి. కాటు పడితే నాటు మందు అని తిరగకుండా నేరుగా ఆస్పత్రికే పోవాలి.

తాత బ్యాటరీ వెనక మూతలో, స్ప్రింగు మధ్యన, అదనపు బల్బు దాచుకునే చోటు ఒకటి ఉంది. పాత బల్బును నాయన అందులో పెట్టినాడు. "ఉండనీలే, ఎప్పుడైనా అక్కరకొస్తుంది" అన్నాడు. నేనూ తీయలేదు.