డి.ఆర్.ఎమ్. అనగా నేమి?

శ్రోతలారా, రైల్వేవారి పొడి అక్షరాలకు ఒక పట్టిక ఉన్నది. ఎమ్.టి.ఎమ్. మచిలీపట్నం, జి.డి.వి. గుడివాడ, ఆ గుర్తులు మరో ఊరికి ఉండవు. విజయవాడ అని పేరు మారినా బెజవాడ నాటి బి.జెడ్.ఏ. నేటికీ చెల్లుతున్నది.

డి.ఆర్.ఎమ్. సంగతి వేరు. విజయవాడలో అది డివిజనల్ రైల్వే మేనేజరు. మా ఇంజనీర్లకు డిజిటల్ రేడియో మాండియేల్, 2003లో ఆరంభమైన ప్రసార విధానం. పాటలు, చిత్రాలు అమ్మేవారికి నకలు తీయనీయని తాళం. లినక్సు కంప్యూటరులోనో, తెరపై బొమ్మలు గీసే చిప్పును ప్రోగ్రాములన్నిటికీ పంచిపెట్టే డైరెక్ట్ రెండరింగ్ మేనేజరు. 2000లో ఎక్స్‌ఫ్రీ86 నాలుగవ కూర్పుతో వచ్చిన డి.ఆర్.ఐ. అనే ఏర్పాటులో ఇదొక భాగం. ఒక్క అక్షరమే భేదం. పేర్లు పెట్టినవారు వాటిని పైకి చదువుకొని చూడలేదేమో!

తెర నల్లబడి "డి.ఆర్.ఎమ్. లోపం" అని కనబడితే, దివిసీమ విద్యార్థి సినిమా హక్కుల జోలికి పోనక్కరలేదు. చూడవలసినది ఆ చిప్పును నడిపే డ్రైవరును.