బ్రిటన్‌లో క్వాంటమ్ డాక్టరేట్ శిక్షణ

క్వాంటమ్ శాస్త్రంలోను, దానిపై ఆధారపడి రూపొందుచున్న కంప్యూటర్లు, సెన్సర్లు, రహస్య సమాచార ప్రసార సాధనాలలోను పరిశోధకులను తయారు చేయుటకు బ్రిటన్ విశ్వవిద్యాలయాలలో ప్రత్యేక డాక్టరల్ శిక్షణా కేంద్రాలు ఉన్నవి. వీటికి ప్రధానంగా ఆ దేశపు ఇంజనీరింగు, భౌతిక శాస్త్రాల పరిశోధన మండలి నిధులు సమకూర్చుచున్నది.

నేపథ్యం

సాధారణ పి.హెచ్‌డి.లో విద్యార్థి ఒక ఆచార్యుని పర్యవేక్షణలో ఒకే సమస్యపై మూడు, మూడున్నర సంవత్సరాలు పనిచేయును. క్వాంటమ్ యంత్ర నిర్మాణమునకు ఇది చాలదు. ఉదాహరణకు అతివాహక క్యూబిట్లను పరమ శూన్య ఉష్ణోగ్రతకు (−273.15 డిగ్రీల సెల్సియస్) డిగ్రీలో సుమారు నూరవ వంతు ఎగువన ఉంచి పనిచేయించవలెను. ఆ చలిని హీలియం-3, హీలియం-4ల మిశ్రమంతో నడిచే డైల్యూషన్ రిఫ్రిజిరేటరు కల్పించును. అందులో చిన్న లీకు ఏర్పడినా ప్రయోగం ఆగిపోవును. సమీకరణాలు తెలిసినవారు, మైక్రోవేవ్ ఎలక్ట్రానిక్సు తెలిసినవారు, ఈ శీతల యంత్రమును విప్పి బిగించగలవారు ఒకరి మాట ఒకరికి అర్థమగునట్లు కలసి పనిచేయవలసి ఉన్నది.

చరిత్ర

లండన్‌లోని ఇంపీరియల్ కళాశాలలో ఇట్టి కేంద్రం 2009లో ప్రారంభమైనది. 2013లో ప్రభుత్వము క్వాంటమ్ సాంకేతికతలకు 27 కోట్ల పౌండ్లు ప్రకటించినది. 2014లో బ్రిస్టల్ విశ్వవిద్యాలయంలోను, లండన్ యూనివర్సిటీ కాలేజీలోను కేంద్రాలు వెలసినవి. 2023 మార్చిలో వెలువడిన జాతీయ క్వాంటమ్ వ్యూహం పదేళ్ళలో 250 కోట్ల పౌండ్ల వ్యయమును, అదనముగా కనీసం 1000 మంది పరిశోధక విద్యార్థులకు ఆర్థిక సహాయమును ప్రతిపాదించినది.

శిక్షణ విధానం

కోర్సు కాలము నాలుగు సంవత్సరాలు. మొదటి సంవత్సరం ఆ యేడు చేరిన విద్యార్థులందరు ఒక జట్టుగా పాఠాలు విని, ప్రయోగశాలలలో చిన్న ప్రాజెక్టులు చేయుదురు. పరిశోధనాంశమును, పర్యవేక్షకుని ఎంచుకొనుట ఆ తరువాతనే. పాత పద్ధతిలో చేరక మునుపే, ప్రయోగశాల ముఖమైనా చూడకుండ, ఈ నిర్ణయం జరిగిపోయెడిది. ఈ విధానంలోని అసలు మేలు ఇదే అని చెప్పవచ్చును. కేంద్రాలతో సంబంధమున్న సంస్థలు విద్యార్థులకు పరిశ్రమ అనుభవం కల్పించుచున్నవి.

సమస్యలు

పరిశ్రమతో పొత్తు రెండు వైపులా పదునున్న కత్తి. కాలిఫోర్నియాలోని సైక్వాంటమ్ సంస్థను స్థాపించిన జెరెమీ ఓబ్రయన్, మార్క్ థామ్సన్ బ్రిస్టల్‌లోను, టెర్రీ రుడాల్ఫ్ ఇంపీరియల్‌లోను ఆచార్యులుగా ఉండినవారు. అనగా శిక్షణ పొందినవారే గాక, శిక్షణ ఇచ్చువారు సైతం కంపెనీల వైపు మరలుచున్నారు. ఇందుకు భిన్నముగా టోబీ క్యూబిట్, ఆష్లే మోంటనారో, జాన్ మోర్టన్‌లు స్థాపించిన ఫేజ్‌క్రాఫ్ట్ సంస్థ బ్రిటన్‌లో, లండన్, బ్రిస్టల్ నగరాలలో పనిచేయుచున్నది.