బస్సు డిక్కీలో బృందగాయకులు

2018 ఫిబ్రవరి 16. పారిస్‌కు తూర్పున, ఫెరియేర్-ఆన్-బ్రీ దగ్గర హైవే పక్కన ఆగిన బస్సును ఫ్రెంచి కస్టమ్స్ సిబ్బంది తనిఖీ చేశారు. సామాన్ల డిక్కీలో ఒక సూట్‌కేసు, అందులో ‘దెగా’ సంతకంతో చిన్న బొమ్మ. ఎవరిదని అడిగితే ప్రయాణికుల్లో ఒక్కరూ నోరు మెదపలేదు. ఓర్సే మ్యూజియం నిపుణులు పరీక్షించి తేల్చారు: ఎనిమిదేళ్ల కిందట మాయమైన ‘లె కోరిస్ట్’ (బృందగాయకులు) ఇదే.

ఎడ్గార్ దెగా దీన్ని 1876–77లో వేశాడు. సన్నివేశం మోజార్ట్ ఒపేరా ‘డాన్ జొవాన్ని’లోది. పేరున్న గాయకుల జోలికి పోకుండా, వరసగా నిలబడి గొంతెత్తి పాడుతున్న కోరస్ వాళ్లనే పట్టుకున్నాడు. వేదిక అంచున దీపాల వెలుగు కింది నుంచి పడి, వాళ్ల ముఖాలు మొరటుగా కనిపిస్తాయి. బొమ్మ సైజు సుమారు 27 సెం.మీ. ఎత్తు, 32 సెం.మీ. వెడల్పు. దీనికి ఆధారం మోనోటైప్: లోహపు రేకు మీద సిరాతో బొమ్మ వేసి, పైన కాగితం పరిచి ప్రెస్సులో నొక్కితే వచ్చే ముద్ర. రేకు మీద గాట్లు ఉండవు గనక మంచి ముద్ర ఒక్కటే పడుతుంది. ఆ ముద్ర మీద దెగా పాస్టెల్ రంగులద్దాడు.

1877లో జరిగిన మూడో ఇంప్రెషనిస్టు ప్రదర్శనలో దీన్ని పెట్టారు. ఆ ప్రదర్శనను దగ్గరుండి నడిపించిన గుస్తావ్ కాయ్‌బోత్ స్వయంగా చిత్రకారుడు, బాగా కలిగినవాడు. ఈ బొమ్మ ఆయన చేతికి వచ్చింది. అప్పటికే, 28 ఏళ్ల వయసులో, 1876లోనే ఆయన వీలునామా రాసి ఉంచాడు: తన దగ్గరున్న చిత్రాలు ప్రభుత్వానికి చెందాలి. వాటిని అటక ఎక్కించకూడదు, పారిస్ బయటి మ్యూజియాలకు పంపకూడదు. ముందు పారిస్‌లోని లక్సెంబర్గ్ మ్యూజియంలో, తర్వాత లూవ్ర్‌లో ఉంచాలి.

1894లో 45వ ఏట ఆయన పోయాడు. వీలునామా అమలు బాధ్యత చిత్రకారుడు రెన్వార్ మీద పడింది. అరవై పైచిలుకు చిత్రాల్లో ప్రభుత్వం తర్జనభర్జన పడి 40 దాకా తీసుకుంది. దెగావి ఏడూ ఒప్పుకుంది. 1897లో అవి లక్సెంబర్గ్‌లో జనం ముందుకొచ్చాయి. తర్వాత లూవ్ర్‌కు, 1986లో ఓర్సేకు చేరాయి.

2009లో ఓర్సే ఈ బొమ్మను మార్సే నగరంలోని కాంతినీ మ్యూజియానికి ఎరువిచ్చింది. పారిస్ దాటించొద్దన్నది కాయ్‌బోత్ షరతు. డిసెంబరు 31 ఉదయం చూస్తే గోడ ఖాళీ. మరలు విప్పి ఎత్తుకుపోయారు, తలుపులు పగలగొట్టిన జాడ లేదు. విలువ 8 లక్షల యూరోలని లెక్కగట్టారు.

దొంగకు ఆ విలువ ఎందుకూ పనికిరాదు. ఫ్రెంచి జాతీయ సేకరణలోని వస్తువును అమ్మడానికి చట్టం ఒప్పుకోదు. ఇంత పేరున్న బొమ్మను బహిరంగ మార్కెట్లో పెడితే క్షణాల్లో పట్టుబడుతుంది. అందుకే యజమానుల వరస ఈనాటికీ పొట్టిదే: దెగా, కాయ్‌బోత్, ఫ్రాన్స్. మధ్యలో ఎనిమిదేళ్లు కబ్జాలో ఉన్నా, పట్టా మాత్రం మారలేదు.