గొలుసు నుంచి జీపీఎస్ దాకా: మన పోడు భూముల కొలతల చరిత్ర

మన తాత ముత్తాతలు భూమి హద్దును నోటితో చెప్పి, కాలితో నడిచి చూపించేవారు. ఇప్పచెట్టు దగ్గర మొదలై వాగు వంపు దాకా, అక్కడి నుంచి నల్లబండ మీదుగా పక్కవాళ్ల కందిచేను గట్టు దాకా అని చెబితే ఊరంతటికీ అర్థమయ్యేది. ఇప్పచెట్టు గాలికి పడిపోయినా అది ఉన్న చోటు పెద్దలకు గుర్తుండేది. ఈరోజు అదే హద్దును అరచేతిలో పట్టే ఒక యంత్రం అంకెల్లో చెబుతోంది. ఆ అంకెలే పట్టాలోకి ఎక్కుతున్నాయి. అందుకే మన భూమిని ఎవరు, ఎప్పుడు, దేనితో కొలిచారో యువతీయువకులు తెలుసుకోవాలి.

మన దక్షిణాదిన శాస్త్రీయమైన పెద్ద సర్వే 1802లో మొదలైంది. మద్రాసు దగ్గర సెయింట్ థామస్ మౌంట్ వద్ద విలియం లాంబ్టన్ అనే ఆంగ్లేయ అధికారి ఉక్కు గొలుసు పరిచి మొదటి ఆధార రేఖను కొలిచారు. పొలాల కొలతకు వాడిన గుంటర్ గొలుసు పొడవు 66 అడుగులు, అందులో 100 లింకులు. పది చదరపు గొలుసులైతే ఒక ఎకరం. మైదానంలో ఆ గొలుసు వెంట శిస్తు వచ్చింది, శిస్తుతో పాటు రైతు పేరు రికార్డులోకి వచ్చింది.

ఏజెన్సీలో కథ వేరుగా నడిచింది. ఇక్కడ ముఠాదార్ల పాలన ఉండేది. చాలా కొండ గ్రామాల్లో ఒక్కొక్క రైతు చేనుకు కొలత పడలేదు. చేను కొలతకంటే ముందు అడవి చట్టం వచ్చింది. 1882 మద్రాసు అటవీ చట్టంతో రిజర్వు అడవి గీతలు గీశారు, పోడు మీద ఆంక్షలు పెట్టారు. అంతకుముందే 1879లో రంప కొండలు తిరగబడ్డాయి. 1922లో అల్లూరి సీతారామరాజు వెంట గూడెం, రంప ప్రాంతాల ప్రజలు నడవడానికి అడవి ఆంక్షలు, రోడ్ల పనుల్లో వెట్టిచాకిరీ పెద్ద కారణాలు. నైజాం వైపు 1940లో జోడేఘాట్ దగ్గర కొమరం భీం ప్రాణాలిచ్చింది కూడా భూమి, అడవి, నీటి హక్కుల కోసమే. సాగు చేస్తున్నది మనం, కాగితం మీద మాత్రం మన పేరు లేదు. ఆ పోరాటాలన్నిటి వెనుకా ఈ బాధ ఉంది.

1969 రెగ్యులేషన్‌తో ముఠాలు రద్దయ్యాయి. తర్వాత రైత్వారీ సెటిల్‌మెంట్ వచ్చి కొందరికి పట్టాలు అందాయి. అడవి గీతకు లోపల ఉన్న పోడు మాత్రం రికార్డులో అడవిగానే మిగిలిపోయింది. ఆ అన్యాయాన్ని సరిదిద్దడానికే 2006లో అటవీ హక్కుల చట్టం చేశారు. 2005 డిసెంబరు 13 నాటికి మన సాగులో ఉన్న భూమికి, 4 హెక్టార్ల వరకు, అంటే దాదాపు పది ఎకరాల దాకా హక్కు ఇస్తామంది చట్టం. 2008 జనవరిలో నిబంధనలు వచ్చాయి. ఇక కొండకొండకూ వెళ్లి లెక్కలేనన్ని చిన్న చిన్న చేలు కొలవాలి. గొలుసుతో అది జరిగే పని కాదు. అలా చేతి జీపీఎస్ మన కొండెక్కింది.

ఈ జీపీఎస్ అమెరికా సైన్యం కోసం పుట్టింది. మొదటి ఉపగ్రహాన్ని 1978లో పంపారు. సామాన్యులకు అందే సంకేతంలో కావాలని కలిపిన తేడాను 2000 మే నెలలో తీసేశాక, చేతి యంత్రాలు అందరికీ పనికొచ్చాయి. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాల సంకేతాలను అందుకుని, అవి చేరడానికి పట్టిన సమయాన్ని బట్టి యంత్రం తానున్న చోటును లెక్కగడుతుంది. దానికి కనీసం నాలుగు ఉపగ్రహాలు కనబడాలి. మైదానంలో ఆకాశం నాలుగు వైపులా తెరుచుకుని ఉంటుంది కాబట్టి ఇబ్బంది తక్కువ. మన దగ్గర రెండు కొండల మధ్య లోయలో ఆకాశం ఒక పట్టీలా కనిపిస్తుంది. గుబురు చెట్ల కింద సంకేతం బలహీనపడుతుంది. బండలకు, కొండవాలుకు తగిలి తిరిగొచ్చిన సంకేతాన్ని కూడా యంత్రం నేరుగా వచ్చినదే అనుకుంటుంది. ఆరుబయట మూడు నుంచి ఐదు మీటర్లుండే తేడా చెట్ల కింద పది మీటర్లు కూడా దాటవచ్చు.

మూడు మీటర్ల తేడా ఎంతలే అనిపించవచ్చు, లెక్క వేసి చూడండి. నలుచదరంగా ఉన్న ఒక ఎకరం చేనుకు ఒక్కో వైపు దాదాపు 63.6 మీటర్లు. నాలుగు హద్దులూ మూడేసి మీటర్లు లోపలికి జరిగితే వైపు 57.6 మీటర్లకు తగ్గుతుంది. అంటే ఎకరంలో 18 సెంట్లు కాగితం మీద మాయమైనట్టే. పెద్ద కమతం ఉన్నవారికి ఇది లెక్కలోకి రాకపోవచ్చు. ఎకరం, అరెకరం మీద బతికే ఇంట్లో 18 సెంట్లంటే కొన్ని నెలల తిండి గింజలు.

వాలు సంగతి ఇంకొకటి. గొలుసు సర్వేలోనూ, జీపీఎస్‌లోనూ విస్తీర్ణం లెక్కించేది పైనుంచి చూసినట్టుగా, సమతలంగా. 30 డిగ్రీల వాలు మీద మనం 100 మీటర్లు నడిస్తే పటం మీద పడేది దాదాపు 87 మీటర్లే. అధికారి మోసం చేశాడని ఊళ్లో మాట వచ్చినప్పుడు కొన్నిసార్లు అసలు కారణం ఇదే. ఏది లెక్క పద్ధతి, ఏది పొరపాటు అని విడదీసి పెద్దలకు చెప్పగలిగేది చదువుకున్న మీరే.

అంకెలు రాసుకోవడంలో జరిగే పొరపాటు అన్నిటికంటే ప్రమాదం. 17 డిగ్రీల 30 నిమిషాలంటే దశాంశంలో 17.5. దాన్ని 17.30 అని రాస్తే మన చేను పటం మీద 22 కిలోమీటర్ల దూరం జరిగిపోతుంది. పాత సర్వే పటాలు ఎవరెస్ట్ అనే 19వ శతాబ్దపు భూగోళ నమూనా మీద తయారయ్యాయి. జీపీఎస్ డబ్ల్యూజీఎస్ 84 అనే నమూనా మీద పనిచేస్తుంది. ఈ రెంటినీ సరిచేయకుండా ఒకదాని మీద ఒకటి పెడితే వంద మీటర్లకు పైగా తేడా వస్తుంది. సాగులో ఉన్న చేను పక్క కొండ మీద పడుతుంది, పక్కవారి చేను మనదిగా కనబడుతుంది. ఇక పోడులో కొన్నేళ్లు సాగు చేసి బీడు వదిలే ముక్క ఉంటుంది కదా, కొలిచే రోజున అందులో పొదలు మొలిచి ఉంటే దాన్ని చుట్టి రాకుండానే కొలత ముగించే ప్రమాదం ఉంది.

ఇవన్నీ చెప్పడం యంత్రం వద్దనడానికి కాదు. యంత్రం ఒక సాక్షి. దాని పక్కన మన సాక్ష్యం కూడా నిలబడాలి, చట్టం కూడా ఆ మాటే అంటోంది. 2012లో సవరించిన నిబంధనల ప్రకారం ఉపగ్రహ చిత్రాలు, ఇతర సాంకేతిక సాధనాలు మిగతా ఆధారాలకు తోడుగా ఉండవచ్చు, వాటి స్థానాన్ని తీసుకోకూడదు. గట్లు, బావులు, గుడిసెలు, శ్మశానాలు, పూజా స్థలాలు ఆధారాలే. దరఖాస్తుదారు కాని పెద్దలు చెప్పిన మాటను రాతలో పెడితే అదీ ఆధారమే. నల్లబండను, ఇప్పచెట్టును గుర్తుపెట్టుకున్న అవ్వ మాటకు చట్టంలో విలువ ఉంది.

ఆ విలువను వాడుకోకపోతే ఏమవుతుందో 2019లో చూశాం. ఆ ఫిబ్రవరి 13న దరఖాస్తులు తిరస్కరణకు గురైనవారిని ఖాళీ చేయించమని సుప్రీంకోర్టు ఆదేశించింది. దేశమంతటా ఆందోళన రేగింది. ఫిబ్రవరి 28న ఆ ఆదేశాన్ని కోర్టే నిలిపివేసింది. ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో 2020 అక్టోబరు 2న, తెలంగాణలో 2023 జూన్ 30న పెద్ద ఎత్తున పట్టాల పంపిణీ మొదలైంది. పట్టా చేతికొచ్చిన ఇంట్లో కూడా అందులోని విస్తీర్ణం, హద్దులు సరిచూసుకునే పని మిగిలే ఉంది.

సెలవులకు ఊరెళ్లే హాస్టల్ పిల్లలకు మేము చెప్పేదే మీకూ చెబుతున్నాం. ముందు ఇంట్లో పెద్దవాళ్లతో చేను చుట్టూ నడవండి. నాలుగు దిక్కులా ఏముందో, పక్క చేను ఎవరిదో నోటుపుస్తకంలో రాయండి. కొలిచేవారు వచ్చిన రోజు యంత్రం ఉపగ్రహాలను పట్టుకునే దాకా ఆగమని అడగండి. తెర మీద ఎన్ని మీటర్ల తేడా చూపిస్తోందో చూడండి. ప్రతి మలుపు దగ్గరా ఆగి కొలత తీసుకోమనండి. వీలైతే రెండుసార్లు చుట్టి రెండు లెక్కలనూ పోల్చండి. అంకెలను యంత్రంలో ఉన్నది ఉన్నట్టే మీ పుస్తకంలోనూ ఎక్కించుకోండి. గ్రామసభ తీర్మానం మీద అభ్యంతరం ఉంటే 60 రోజుల్లో సబ్ డివిజన్ స్థాయి కమిటీకి, ఆ కమిటీ నిర్ణయం మీద మరో 60 రోజుల్లో జిల్లా స్థాయి కమిటీకి అర్జీ పెట్టుకోవచ్చు.

చెల్లెళ్లకు ఒక మాట. పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా ఉండాలని చట్టం చెబుతోంది. అటవీ హక్కుల కమిటీలో మూడో వంతుకు తగ్గకుండా ఆడవాళ్లుండాలి. విత్తనం వేసేది, కలుపు తీసేది, కాపలా కాసేది మన అమ్మలే కాబట్టి చేను మూలమూలా వాళ్లకు తెలుసు. కొలత రోజున అమ్మను ఇంట్లో వదిలి వెళ్లకండి.

ఒకప్పుడు గొలుసు పట్టిన చేతులు మనవి కావు. ఇప్పుడు ఆ యంత్రాన్ని చదవగలిగే చదువు మీ దగ్గర ఉంది. హద్దు తెలిసిన పెద్దలు ఇంకా మన మధ్యే ఉన్నారు. వాళ్లుండగానే ఈ వేసవిలో ఒకసారి చేను చుట్టి రండి.