గోలకొండను చూచిన ఎలిజబెత్ కాలపు యాత్రికుడు

ఎలిజబెత్ రాణి కాలమునాటి ఆంగ్ల సాహసికులలో వాల్టర్ రాలీ పేరు సుప్రసిద్ధము. రాణి కొలువులో మన్ననలందిన ఆయన 1595లో బంగారము వెదకుచు దక్షిణ అమెరికాకు పోయెను. ఆ కాలముననే తెలుగు దేశమునకు వచ్చిన ఆంగ్లేయుడు మాత్రము రాజోద్యోగి కాడు. రాల్ఫ్ ఫిచ్ అను లండను వర్తకుడు.

1583 ఫిబ్రవరిలో జాన్ న్యూబరీ నాయకత్వమున ఒక చిన్న బృందము 'టైగర్' అను ఓడపై లండను వీడెను. వారివద్ద అక్బరు పాదుషాకు రాణి వ్రాసిన ఉత్తరము ఉండెను. వారు సిరియాలో దిగి, అలెప్పో, బాగ్దాదు, బస్రాల మీదుగా హొర్ముజు చేరిరి. తమ వ్యాపారమునకు పోటీ ఓర్వని పోర్చుగీసువారు వారిని అచట బంధించి గోవాకు పంపిరి. జామీనుపై విడుదలయై, 1584 ఏప్రిల్‌లో న్యూబరీ, ఫిచ్, రత్నములపని తెలిసిన లీడ్స్ రహస్యముగా గోవా వీడి, బీజాపూరు మీదుగా గోలకొండ చేరిరి.

అప్పుడు మహమ్మద్ కులీ కుతుబ్ షా రాజ్యము చేయుచుండెను. హైదరాబాదు ఇంకను వెలయలేదు. ఇటుకతోను కలపతోను చక్కగా కట్టిన ఇండ్లను, నీటి సమృద్ధిని, పండ్లను, వజ్రములను ఫిచ్ గమనించెను. ఎనిమిది దినముల ప్రయాణదూరమున మచిలీపట్టణమున్నదనియు, అచటికి పెగూ, సుమత్రాల నుండి మిరియములతో ఓడలు వచ్చుననియు వ్రాసికొనెను. అది వర్తకుని చూపు.

అక్బరు రాజధానిని చేరిన పిమ్మట లీడ్స్ పాదుషా కొలువులోనే నిలిచిపోయెను. స్వదేశమునకు బయలుదేరిన న్యూబరీ మరల కానరాలేదు. ఫిచ్ బెంగాలు, పెగూ, మలక్కాలు చూచి 1591లో లండను చేరెను. అప్పటికే ఆయన మరణించెనని తలచి బంధువులు ఆస్తిని పంచుకొనియుండిరి. అదే సంవత్సరమున ఇక్కడ చార్మినారు వెలసెను.

1600లో ఈస్టిండియా కంపెనీ ఏర్పడినప్పుడు దాని వర్తకులు ఫిచ్ సలహాలు కోరిరి. 1611 ఆగస్టులో కంపెనీవారి 'గ్లోబ్' ఓడ, చుండూరు, రేపల్లె ప్రాంతములవారు ఎరిగిన నిజాంపట్టణము రేవున ఆగి, అటుపై మచిలీపట్టణము చేరెను. ఫిచ్ మరణించినదియు ఆ సంవత్సరముననే.

రాలీ వెదకిన బంగారము దొరకలేదు. 1618లో ఆయనకు శిరచ్ఛేదము జరిగెను. ఫిచ్ చూచిపోయిన రేవులకు మాత్రము ఓడలు వచ్చుచునే యుండెను. మొదట సరకులు, పిమ్మట సైనికులు, చివరకు శాసనములు దిగినవి. 1788లో గుంటూరు సర్కారు కంపెనీ ఏలుబడి క్రిందికి వచ్చెను. అతిథిగా వచ్చిన వర్తకుడు ఏమి చూచుచున్నాడో ఆనాటి ఏలికలు గమనింపలేదు.