మశూచి లెక్క, ప్రభుత్వం మాట: జంషెడ్‌పూర్ 1974

1974లో ప్రపంచమంతటా నమోదైన మశూచి కేసుల్లో ఎనభై అయిదు శాతానికి పైగా భారతదేశానివే. ఆ ఏడాది దేశంలో లెక్కకు వచ్చిన రోగుల సంఖ్య 1,88,000 పైచిలుకు. అందులో సింహభాగం బీహార్‌ది. నేటి జార్ఖండ్ అప్పటికింకా బీహార్‌లో అంతర్భాగం. ఆ రాష్ట్రానికి దక్షిణపు కొసన, సింగ్‌భూమ్ జిల్లాలో, ఆసియాలోనే పేరెన్నికగన్న ఉక్కు కర్మాగారం చుట్టూ వెలసిన జంషెడ్‌పూర్ నగరం ఆ వేసవిలో దేశంలోని అనేక ప్రాంతాలకు మశూచిని మోసుకెళ్ళే కూడలిగా మారింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వైద్యులు ఎక్కడో దూరపు పల్లెలో కొత్త రోగిని కనిపెట్టి, ఇతనికి ఇది ఎక్కడ సోకిందని ఆరా తీస్తే, జవాబుగా పదే పదే వినిపించిన పేరు టాటానగర్ రైల్వే స్టేషన్.

కారణం అంతుచిక్కనిది కాదు. ఉక్కు నగరానికి పని కోసం నాలుగు దిక్కుల నుంచి మనుషులు వచ్చారు. సాక్చీ బజారుకూ సువర్ణరేఖ నదికీ నడుమనున్న సీతారాండేరా వంటి శ్రామిక వాడల్లో హో ఆదివాసులు, ఒడియాలు, బెంగాలీలు, భోజ్‌పురీ మాట్లాడేవారు, శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి వలస వెళ్ళిన తెలుగువారు పక్కపక్కనే బతికారు. కంపెనీ క్వార్టర్లు దక్కినవారికి కంపెనీ ఆసుపత్రి ఉండేది. దాని నీడకు బయట, రోజు కూలి మీద బతికే బస్తీల సంగతి వేరు. ఒళ్ళు కాలిపోయి, పొక్కులు తేలిన కూలీకి ఉన్న ఒకే ఒక్క ఆసరా సొంత ఊరు, కన్నతల్లి. రైలెక్కేవాడు. రోగం కూడా అతనితోనే ఎక్కేది. ఖరగ్‌పూర్ మీదుగా ఆముదాలవలస దాకా వచ్చే దారి తెలుగువారికి ఎంత పరిచితమో చెప్పనక్కరలేదు. దక్షిణాది రాష్ట్రాలు అప్పటికే మశూచి నుంచి దాదాపుగా బయటపడ్డాయి కనుక, ఉత్తరాది నుంచి రైలు దిగే ప్రతి రోగీ వాటికి కొత్త ముప్పే.

మశూచి నిర్మూలన కథను సాధారణంగా ఇద్దరు ముగ్గురు విదేశీ వైద్యుల సాహసగాథగానో, ఒక పారిశ్రామిక సంస్థ ఔదార్యంగానో చెబుతుంటారు. రెండింటిలోనూ నిజముంది. కానీ ప్రభుత్వాలు అందులో ఏం చేశాయి, ఏం చేయకుండా తప్పించుకోజూశాయి అన్న ప్రశ్న ఆ కథల్లో మరుగున పడిపోతుంది. అసలు పాఠం అక్కడే ఉంది.

ఈ ఉద్యమానికి బీజం వేసిందే ఒక ప్రభుత్వం. 1958లో అమెరికాలోని మినియాపొలిస్‌లో జరిగిన ప్రపంచ ఆరోగ్య మహాసభలో, మశూచిని భూమ్మీద లేకుండా చేద్దామని ప్రతిపాదించినవాడు సోవియట్ ఉప ఆరోగ్య మంత్రి విక్టర్ జ్దానోవ్. ప్రచ్ఛన్న యుద్ధం పతాకస్థాయిలో ఉన్న రోజులవి. అమెరికన్ గడ్డ మీద సోవియట్ ప్రతిపాదన ఆమోదం పొందడమే ఒక వింత. ఆపైన ఆ దేశం ఏటా కోట్ల మోతాదుల టీకా మందు ఉచితంగా ఇస్తూ వచ్చింది. కార్యక్రమం ముగిసేనాటికి సోవియట్ యూనియన్ అందించిన మందు మొత్తం 140 కోట్ల మోతాదులు దాటింది. దానిలో పెద్ద వాటా భారతదేశానికే చేరింది. అయినా సంపన్న దేశాలకు ఈ పని మీద నమ్మకం అంతంత మాత్రమే. 1966లో తీవ్రతరమైన కార్యక్రమానికి ప్రత్యేక బడ్జెట్ కేటాయించే తీర్మానం కేవలం రెండు ఓట్ల తేడాతో గట్టెక్కింది. ఆ రెండు ఓట్లు అటు పడి ఉంటే ఏమయ్యేదో ఊహించడం కష్టమేమీ కాదు. అమెరికా ప్రభుత్వం తన అంటువ్యాధుల కేంద్రం నుంచి వైద్యులను పంపింది. చివరి దశలో స్వీడన్ ప్రభుత్వం భారతదేశపు కార్యక్రమానికి గణనీయంగా నిధులిచ్చింది.

భారత ప్రభుత్వం 1962లో జాతీయ మశూచి నిర్మూలన కార్యక్రమం మొదలుపెట్టింది. మందు తయారీలో కూడా దేశం క్రమంగా తన కాళ్ళ మీద నిలబడింది. ఎండకు చెడని పొడి టీకాను తయారుచేసిన నాలుగు ప్రభుత్వ సంస్థల్లో హైదరాబాద్‌లోని నివారక వైద్య సంస్థ ఒకటి. తక్కినవి గిండీ, బెల్గాం, పట్వాడాంగర్‌లలో ఉండేవి. ఇంత ఉండీ రోగం ఎందుకు లొంగలేదంటే, లక్ష్యం టీకాల సంఖ్య అయినందువల్ల. పై అధికారి అడిగేది ఎన్ని టీకాలు వేశావని. బడిపిల్లలు సులువుగా దొరుకుతారు కనుక వాళ్ళకే మళ్ళీ మళ్ళీ వేసి అంకె పూర్తి చేశారు. కాగితాల మీద జిల్లాలు లక్ష్యం దాటాయి. బస్తీ కూలీ, సంచార కుటుంబం, అడవి అంచు పల్లె ఆ అంకెలోకి రాలేదు. రోగుల సంఖ్య పెరిగితే అధికారికి మాట వస్తుంది. అందువల్ల రోగులు కూడా కాగితాల్లోకి రాలేదు.

1973 శరదృతువులో ఈ పద్ధతి తలకిందులైంది. కేంద్ర ఆరోగ్య శాఖ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి ఆరోగ్య సిబ్బందిని ఇల్లిల్లూ తిప్పాయి. మశూచి సోకిన బిడ్డ బొమ్మ ఉన్న కార్డు చేత పట్టుకుని, ఇలాంటి రోగి ఎక్కడైనా ఉన్నారా అని అడగడమే వాళ్ళ పని. రోగి దొరికితే ఆ ఇంటి చుట్టూ, ఆ ఊళ్ళో అందరికీ రెండు మొనల సూదితో టీకా వేయాలి. ఉత్తరప్రదేశ్, బీహార్‌లలో తొలి గాలింపులోనే దాదాపు 10,000 మంది రోగులు బయటపడ్డారు. అంతవరకు వారానికి వచ్చే నివేదికల్లో కనిపించినవారు కొన్ని వందలే. రోగం ఒక్కసారిగా పెరగలేదు, లెక్క సరిగ్గా మొదలైందంతే. ఆ అంకెను దాచకుండా జెనీవాకు పంపనివ్వడం ఢిల్లీ తీసుకున్న రాజకీయ నిర్ణయం. ఆ కాలపు కేంద్ర ఆరోగ్య మంత్రి కరణ్ సింగ్‌కు ఈ విషయంలో దక్కవలసిన గుర్తింపు దక్కలేదనే చెప్పాలి.

ఆ నిర్ణయానికి మూల్యం 1974లో చెల్లించవలసి వచ్చింది. మే 18న పోఖ్రాన్‌లో అణు పరీక్ష జరిగింది. అణుశక్తి అయిన దేశం మశూచిని ఆపలేకపోయిందన్న ఎత్తిపొడుపులు వినిపించాయి. మే 8 నుంచి 27 వరకు జార్జ్ ఫెర్నాండెజ్ నాయకత్వంలో రైల్వే సమ్మె సాగింది. పాట్నాలో మార్చి నుంచే విద్యార్థి ఉద్యమం రగులుతోంది. జూన్ 5న గాంధీ మైదానంలో జయప్రకాశ్ నారాయణ్ సంపూర్ణ విప్లవానికి పిలుపునిచ్చారు. అబ్దుల్ గఫూర్ ప్రభుత్వం ఏ రోజు పడిపోతుందో తెలియని స్థితి. సరిగ్గా ఆ వేళ బీహార్‌లో రోగుల సంఖ్య వారం వారం కొత్త శిఖరాలు తాకుతుంటే, రాష్ట్ర ఆరోగ్య మంత్రి ఈ గాలింపులు చాలు, పాత పద్ధతిలో అందరికీ టీకాలు వేద్దామన్నారు. ఎక్కువ మందికి ఏదో చేస్తున్నట్టు కనిపించే పద్ధతి అది. ఏ ప్రభుత్వానికైనా అది ఆకర్షణీయమే. ఆ సమావేశంలో ఒక యువ భారతీయ వైద్యుడు లేచి, ఒక ఇల్లు అంటుకుంటే నీళ్ళు ఆ ఇంటి మీదే పోస్తాం గానీ ఊళ్ళోని ఇళ్ళన్నిటి మీదా చల్లుకుంటూ పోమని వాదించాడని అక్కడే ఉన్న అమెరికన్ వైద్యుడు విలియం ఫోగీ తర్వాత రాశారు. మంత్రి మెత్తబడి ఒక నెల గడువిచ్చారు. ఆ యువకుడి పేరు చరిత్రకెక్కలేదు.

జంషెడ్‌పూర్ వ్యవహారం ఈ గడబిడలోనే నడిచింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తరఫున సింగ్‌భూమ్‌కు వెళ్ళిన లారీ బ్రిలియంట్, స్టేషన్లో, బస్తీల్లో రోగులను కళ్ళారా చూసి, కంపెనీ ఉన్నతాధికారులు సుజిత్ గుప్తా, రూసీ మోడీల తలుపు తట్టారు. జె.ఆర్.డి. టాటా ఆమోదంతో కంపెనీ తన వైద్యులను, సిబ్బందిని, జీపులను, డబ్బును పనిలోకి దించింది. నగరం నుంచి బయటికి వెళ్ళే దారుల్లో కాపలా పెట్టారు. టీకా వేయించుకోనిదే రైలు గానీ బస్సు గానీ ఎక్కనివ్వలేదు. తర్వాత కంపెనీ బృందాలు చుట్టుపక్కల పల్లెల్లోకీ వెళ్ళాయి. రాష్ట్ర ప్రభుత్వం ఉండవలసిన చోట ఒక కర్మాగారం నిలబడిందన్నది మెచ్చుకోలా, అభిశంసనా అన్నది చదువరి ఎటు నిలబడి చూస్తారన్నదాని మీద ఆధారపడి ఉంటుంది.

కాపలాల వెనుక మరో కథ ఉంది. మశూచిని తెలుగునాట అమ్మవారు పోసిందంటారు. ఉత్తరాదిన ఆమె శీతలా దేవి. అమ్మ ఇంటికొస్తే సాగనంపాలి గానీ సూదితో పొడవకూడదన్న నమ్మకం మూఢమనిపించవచ్చు. దానికో మర్యాద ఉంది, ఒక భయమూ ఉంది. సింగ్‌భూమ్‌లో హో తెగకు చెందిన ఒక పెద్ద, వ్యాధిని ఇవ్వడం, తీయడం దైవానికే చెల్లునని టీకాను నిరాకరించాడు. ఒక రాత్రి బృందం అతని ఇంటి తలుపు బద్దలుకొట్టుకుని లోపలికి వెళ్ళింది. పెనుగులాటలో కుటుంబమంతటికీ బలవంతంగా టీకాలు వేశారు. అంతా అయ్యాక ఆ పెద్ద పెరట్లోకి వెళ్ళి ఒక దోసకాయ కోసుకొచ్చి బృందానికి ఇచ్చాడు. తన ధర్మం కోసం తాను పోరాడానని, వాళ్ళ ధర్మం వాళ్ళు చేశారని, గెలిచినా ఇంటికొచ్చినవాళ్ళు అతిథులేనని అతని భావం. దీన్ని దాచకుండా రాసినవాళ్ళు ఆ బృందంలో భాగమైన బ్రిలియంట్ దంపతులే. అధికారిక విజయ నివేదికల్లో ఇలాంటి రాత్రులకు చోటు లేదు. హో పెద్ద దోసకాయను కథ చెప్పేవాళ్ళు క్షమాపణగా చదువుకోవచ్చు. అతను మాత్రం క్షమించానని అనలేదు.

1975 జనవరిలో మశూచి సున్నా లక్ష్యంగా చివరి దాడి మొదలైంది. రోగి జాడ చెప్పినవారికి ఇచ్చే బహుమానం 50 రూపాయలతో మొదలై, 100 అయి, చివరకు 1,000 రూపాయలకు చేరింది. దేశీయంగా సోకిన చివరి కేసు ఆ మే నెలలో బీహార్‌లోనే నమోదైంది. మే 24న బంగ్లాదేశ్ నుంచి వచ్చిన ఒక మహిళలో అస్సాంలోని కరీంగంజ్ వద్ద కనిపించినదే దేశంలో ఆఖరిది. సరిగ్గా నెల తర్వాత, జూన్ 25న, అత్యవసర పరిస్థితి వచ్చింది. టీకాల కోసం గడపలన్నీ లెక్కపెట్టడం నేర్చుకున్న ఆరోగ్య యంత్రాంగాన్ని ఆ మరుసటి ఏడాది కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సల లక్ష్యాల వెంట పరుగెత్తించారు. పాత అంకెల జబ్బు మళ్ళీ తిరగబెట్టింది. ఈసారి మూల్యం చెల్లించింది పేదలే. 1977 ఎన్నికల్లో ఉత్తర భారతం దానికి బదులు చెప్పింది. ఆ ఫలితాలు వచ్చిన నెల రోజులకు, ఏప్రిల్ 23న, భారతదేశం మశూచి నుంచి విముక్తమైందని అంతర్జాతీయ సంఘం ధ్రువీకరించింది. 1980 మేలో ప్రపంచానికే ఆ మాట చెప్పారు.

అర్ధశతాబ్దం తర్వాత భారతదేశం టీకాలు పుచ్చుకునే దేశం నుంచి పంచే దేశమైంది. 2021 జనవరి 20న భూటాన్, మాల్దీవులకు తొలి కోవిడ్ టీకాలు పంపి ప్రభుత్వం దానికి టీకా మైత్రి అని పేరు పెట్టుకుంది. హైదరాబాద్‌లో తయారైన కొవాగ్జిన్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ అదే సంవత్సరం నవంబరులో అనుమతినిచ్చింది. రెండో ఉప్పెన వచ్చేసరికి మైత్రి నెలల తరబడి ఆగింది. మన మందు మీదే ఆశపెట్టుకున్న ఆఫ్రికా దేశాలు ఎదురుచూశాయి. 2025 జనవరిలో అమెరికా అధ్యక్షుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించారు. జ్దానోవ్ ప్రతిపాదనకు వేదికైన దేశమది.

లెక్క విషయానికొస్తే, 2020, 2021 సంవత్సరాల్లో భారతదేశంలో సాధారణం కంటే అదనంగా సుమారు 47 లక్షల మంది మరణించి ఉంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మేలో అంచనా వేసింది. ప్రభుత్వం ఒప్పుకున్న కోవిడ్ మరణాలకు అది దాదాపు పదింతలు. ఆ గణిత నమూనాయే తప్పని ఢిల్లీ తీవ్రంగా అభ్యంతరం చెప్పింది. నమూనా తప్పయితే అసలు అంకె చూపించడం సులువైన మార్గం. 2021 నాటి జనన మరణ నమోదు నివేదిక 2025 మేలో గానీ వెలువడలేదు. దాని ప్రకారం ఆ ఒక్క ఏడాది నమోదైన మరణాలు 1.02 కోట్లు. అంతకుముందు ఏడాది 81 లక్షలు.