రేడియో చేతులు మారిన యేడు

1930వ సంవత్సరము మార్చి 1వ తేదీన ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ తన వ్యాపారమును సాగింపజాలక దివాలా తీసెను. అప్పటికి దాని ప్రసారములు ఆరంభమై మూడేండ్లైనను నిండలేదు. నెల తిరిగి ఏప్రిల్ 1వ తేదీ రాగానే, ఆ కంపెనీవారి బొంబాయి, కలకత్తా కేంద్రములను భారత ప్రభుత్వము తన యధీనము చేసికొని, వానికి ‘ఇండియన్ స్టేట్ బ్రాడ్‌కాస్టింగ్ సర్వీస్’ అని నామకరణము చేసెను. సరిగా ఆ దినముననే, ఢిల్లీ వారి నిర్ణయముతో నెట్టి సంబంధమును లేకయే, చెన్నపురి నగరపాలక సంస్థ తన సొంత రేడియో ప్రసారములను ప్రారంభించెను. మన దేశమున రేడియో చరిత్రను వ్రాసినవారు మొదటి సంఘటనకు పుటలు కేటాయించి, రెండవదానిని ఒకటి రెండు వాక్యములతో ముగించుచుందురు. ఈ కొలత నాకు న్యాయముగా తోచదు. రేడియో యెవరి సొత్తు, ఎవరికొరకు పలుకవలెను అను ప్రశ్నకు ఆ యేడు లభించిన సమాధానములలో మెరుగైనది చెన్నపట్టణమునందే లభించినదని నా విశ్వాసము.

కంపెనీ యేల కూలెనో ముందు చెప్పవలసియున్నది. 1926 సెప్టెంబరు 13వ తేదీన ప్రభుత్వముతో ఒడంబడిక చేసికొని, 15 లక్షల రూపాయల మూలధనము సేకరింపనెంచి, తుదకు 6 లక్షలు మాత్రమే చేతికందగా, అందులో నాలుగున్నర లక్షలను రెండు కేంద్రముల నిర్మాణమునకే వెచ్చించి, ఆ సంస్థ రంగమున దిగెను. 1927 జులై 23వ తేదీన బొంబాయి కేంద్రమును వైస్రాయి ఇర్విన్ ప్రభువు స్వయముగా ప్రారంభించెను. ఆగస్టు 26వ తేదీన కలకత్తా కేంద్రము పలికెను. ఒక్కొక్కదాని ప్రసారశక్తి ఒకటిన్నర కిలోవాట్లు మాత్రమే. ఇంతటి విశాల దేశమున ఆ శక్తి ఎంతదూరము పోగలదో ఊహింపవచ్చును. శ్రోత చెల్లించు లైసెన్సు రుసుము సాలునకు పది రూపాయలు. అందు ఎనిమిది రూపాయలు కంపెనీకి ముట్టెడివి. ఆ రుసుముతోడను, దిగుమతియగు యంత్రములపై వర్తకులు చెల్లింపవలసిన భాగముతోడను సంస్థ బ్రదుకవలెను. 1927వ సంవత్సరాంతమున లైసెన్సులు 3,594. 1929 నాటికి 7,775. ఈ రాబడితో గాయకులకు పారితోషికములు, ఇంజనీరులకు జీతములు, కేంద్రముల నిర్వహణము సాగుట యెట్లు? లైసెన్సు లేకయే వినువారు కొందరైతే, తాము చెల్లింపవలసినది ఎగవేసిన వర్తకులు మరికొందరు.

అయినను ఎగవేతలకంటె లోతైన కారణ మింకొకటి కలదు. నాటి శ్రోత యొక్క స్థితిని దగ్గరగా పరికించినవారికి అది స్పష్టమగును. తక్కువ వెలకు లభించునది స్ఫటికపు రేడియో. దానికి విద్యుత్తు అక్కరలేదు, బ్యాటరీ అక్కరలేదు. ఇంటిపై నొక పొడవైన తీగను కట్టి, దాని కొనను క్రిందికి దింపి, చిన్న పెట్టెలో నమర్చిన గలీనా యను సీసపు ఖనిజపు ముక్కపై సన్నని లోహపు తీగ మొనను ఆనించి, ధ్వని వినవచ్చు చోటు దొరకువరకు ఆ మొనను వెండ్రుకవాసి జరుపుచు నుండవలెను. దొరికిన పిమ్మట ఎవరైన బల్లను తాకినచో ఆ చోటు తప్పిపోవును, మరల వెదకులాట మొదలగును. ఇంతచేసియు ఆ ధ్వని చెవులకు తగిలించుకొన్న హెడ్‌ఫోనులలో ఒక్కరికే వినిపించును. అదియు కేంద్రమునుండి ఇరువది ముప్పది మైళ్ళ లోపల నుండువారికే. దూరమున నుండువారికి వాల్వుల రేడియో కావలెను. దానిని కొనుటకు సామాన్య గుమాస్తా కొన్ని నెలల జీతము కూడబెట్టవలెను. బొంబాయి, కలకత్తాల వెలుపలి కోట్లాది ప్రజలకు ఆ కంపెనీ యున్నను లేకున్నను భేదము లేకపోయెను. వినుటకు యంత్రము కొనగలవాడే శ్రోత యని భావించిన వ్యాపారము, అట్టి శ్రోతలు తగినంతమంది లేనిచోట నిలువజాలదు.

ఇక ప్రభుత్వము దానిని ప్రేమతో చేపట్టినదా యన్నచో, అదియు లేదు. శ్రోతలును, యంత్రములను దిగుమతి చేసికొని గిడ్డంగులలో నింపుకొన్న వర్తకులును మొరపెట్టుకొనగా, రెండేండ్లపాటు పరీక్షార్థము నడిపి చూతమని పరిశ్రమలు, కార్మికుల శాఖకు దానిని అప్పగించిరి. ఆ వారమున దేశము చెవియొగ్గి వినుచున్నది మరియొక వార్తకొరకు: గాంధీ మహాత్ముడు సబర్మతినుండి బయలుదేరి దండి దారిలో నడచుచుండెను. ఆర్థిక మాంద్యము ముదిరి వ్యయమును తగ్గింపవలసి వచ్చినప్పుడు, గొడ్డలి రేడియో మీదను పడెను. 1931 అక్టోబరులో ప్రసారములను మూసివేయుటకు ప్రభుత్వము నిశ్చయించెను. ప్రజలనుండి నిరసన పెల్లుబుకగా నవంబరులో ఆ యాజ్ఞను ఉపసంహరించుకొని, యంత్రములపై దిగుమతి సుంకమును నూటికి 25 నుండి 50కి పెంచి, 1932 మే మాసమున ఈ సేవను కొనసాగింతుమని తుదకు ప్రకటించిరి. ఇట్లు ఒకసారి వ్యాపారమువలన, ఒకసారి ప్రభుత్వమువలన మరణము అంచుదాక పోయి వచ్చినది మన రేడియో. రెండవసారి దానిని బ్రదికించినది శ్రోతల పట్టుదలయే గాని అధికారుల దూరదృష్టి గాదు.

ఇప్పుడు చెన్నపట్టణపు ముచ్చట. అచ్చట రేడియో కంపెనీకంటె ముందే పుట్టినది. 1924 మే 16వ తేదీన సి.వి. కృష్ణస్వామి శెట్టిగారి పూనికతో మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్ ఏర్పడెను. జులై 31వ తేదీన 40 వాట్ల యంత్రముతో ప్రసారములు మొదలయ్యెను. నలుబది వాట్లన, ఒకప్పుడు ఒక గదిలో వెలిగిన విద్యుద్దీపమునకు పట్టునంత శక్తి! తరువాత 200 వాట్ల యంత్రము వచ్చెను. లాభాపేక్ష లేని ఔత్సాహికులు మూడేండ్లకు పైగా దానిని నడిపి, ధనాభావముచే 1927 అక్టోబరులో ఆపివేసి, యంత్రమును నగరపాలక సంస్థకు అప్పగించిరి. దానిని ఏ గిడ్డంగిలోనో పడవేయక, ప్రసారములను పునరుద్ధరించుటకు పూనుకొనిన ఆ సంస్థవారి వివేకమును నేను మనసార కొనియాడుచున్నాను.

రిప్పన్ భవనమునుండి సాయంకాలము 5-30 మొదలు 7-30 వరకు సంగీతము ప్రసారమగుచుండెను. పాఠశాలల పిల్లలకు 4 గంటలనుండి అరగంటసేపు సంగీత పాఠములు, కథలు. ఆదివారములందును సెలవుదినములందును ఉదయము 10 నుండి 11 వరకు ఐరోపా సంగీతపు గ్రామఫోను రికార్డులు. ఇంతమాత్రమే యైనచో విశేషమేమియు లేదు. విశేషమెల్ల వినిపించిన తీరులో నున్నది. మెరీనా తీరమునను, పీపుల్స్ పార్కు, రాబిన్సన్ పార్కు వంటి ఉద్యానములందును సంస్థవారు లౌడ్‌స్పీకరులు నెలకొల్పిరి. పగటి యెండకు కమిలి సముద్రపు గాలికై వచ్చిన బండ్లవాడు, గుమాస్తా, పిల్లలతల్లి, పని దొరకని కూలి, వీరిలో నెవ్వరికిని యంత్రము లేదు, లైసెన్సు లేదు; ఇసుకలో కూర్చున్నచో చాలును, పాట వినవచ్చును. వీధిదీపము ఏ యింటివానికని అడుగక వెలిగినట్లు, ఆ సంగీతము అందరికిని సమముగా లభించెను. రాయపురము మొదలు మైలాపూరు వరకు చెన్నపురి పేటలందు తెలుగువారు దండిగా నుండిరి. అంతేకాదు, త్యాగరాజస్వామివారి కృతులు లేక కర్ణాటక సంగీత కచ్చేరి సాగదు గనుక, తమిళ సోదరులతో కలిసి కూర్చుండి విన్న తెలుగువానికి ఆ లౌడ్‌స్పీకరులలో తన భాషయే వినిపించియుండును.

ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ ఎట్టి శ్రోతను కొనుగోలుదారుగా లెక్కించి తలపట్టుకొనినదో, అట్టి శ్రోతను పౌరునిగా లెక్కించుటచే చెన్నపురి సంస్థకు ఆ చిక్కే లేకపోయెను. ఖర్చు నగరపు ఖజానాది; ఫలము నగర ప్రజలది. దీనికి పరిమితులు లేకపోలేదు. ఆ ధ్వని నగరపు పొలిమేర దాటి దూరము పోలేదు. గుంటూరునకు గాని, కాకినాడకు గాని దానివలన కలిగిన ప్రయోజనము శూన్యము. కాని సిద్ధాంతము సరియైనది. తరువాతి కాలమున గ్రామ పంచాయతీ రచ్చబండలవద్ద రేడియోలను నెలకొల్పి పదుగురిచేత వినిపించిన ప్రయత్నములన్నియు ఈ త్రోవలోనివే.

ఇటు ప్రభుత్వపు సేవకు అదృష్టము వెలుపలినుండి వచ్చెను. 1932 డిసెంబరులో లండనునుండి బి.బి.సి. వారు సామ్రాజ్య ప్రసారములను ఆరంభింపగా, ఇచ్చటి దొరలు యంత్రములు కొననారంభించిరి. ఆ సంవత్సరాంతమున 8,557గా నున్న లైసెన్సులు 1934వ సంవత్సరాంతమునకు 16,179 అయ్యెను. ధనము కనబడిన పిమ్మట ప్రభుత్వమునకును శ్రద్ధ పుట్టెను. 1935లో లయొనెల్ ఫీల్డెన్ అధిపతిగా రాగా, 1936 జనవరి 1వ తేదీన ఢిల్లీ కేంద్రము వెలసెను. జూన్ 8వ తేదీన పాత పేరు పోయి ‘ఆలిండియా రేడియో’ అను పేరు వచ్చెను.

1938 జూన్ 16వ తేదీన ఆలిండియా రేడియో మద్రాసు కేంద్రము ఎగ్మూరులో ప్రారంభమగుటతో నగరపాలక సంస్థ తన ప్రసారములను విరమించెను. ఎనిమిదేండ్లు నడచిన ఆ చిన్న కేంద్రము స్థానమున వచ్చిన పెద్ద కేంద్రము తెలుగునకును తమిళమునకును నిలయమై, తెలుగు నాటికలను, ప్రసంగములను, లలితగీతములను కోస్తా జిల్లాల వరకు పంపినది. 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడ కేంద్రము వెలయువరకు కోస్తా తెలుగువారు తమ భాషలో రేడియో వినుటకు చెన్నపట్టణమువైపే చెవియొగ్గిరి.